కత్తికి పిడి
(పాఠశాల వార్షికోత్సవ సభయందు గావించిన ఉపన్యాసము)

 

నేడు నన్ను మాటలాడుమని కోరిన విషయము చిన్నది. తీరిక వేళలయందు నేను స్వహస్తములతో కత్తులు చేయుచుందును. అవి కూరలు తరుగుటకును, కొబ్బరి కోయుటకును, కంపకొట్టుటకును పనికివచ్చు కత్తులే గాని వేరు కావు. ఇది నాకు జీవనోపాధి కాదు, వ్యాసంగము మాత్రమే. ఈ మాట వినినంతనే “పిల్లల యెదుట కత్తుల ప్రసంగమేల?” అని కొందరు తల్లులు శంకింపవచ్చును. ఆ శంక నిరాధారమైనది కాదు. మన దక్షిణ జిల్లాలలో ‘అరివాళ్’ అను మాట వార్తాపత్రికలయందు ఎట్టి సందర్భములలో కనబడుచున్నదో మనమందరమును ఎరుగుదుము. కావుననే ఈ విషయమును నేను ఎన్నుకొంటిని. కత్తిని దాచిపెట్టుటవలన బిడ్డకు జాగ్రత్త అలవడదు. దానిని పనిముట్టుగా ఎరుగుటవలన అలవడును. ఆ ఎరుకకు మొదటి మెట్టు వాదర కాదు, పిడి.

మన ప్రాంతమునకు ఇనుముతోడి చుట్టరికము క్రొత్తది కాదు. మన జిల్లాలోనే, తామ్రపర్ణీ తీరముననున్న ఆదిచ్చనల్లూరులో, పందొమ్మిదవ శతాబ్ది చివరను ఇరువదవ శతాబ్ది మొదటను అలెగ్జాండర్ రీ త్రవ్వకములు జరిపింపగా, మృతులనుంచిన పెద్ద కుండలతోపాటు ఇనుప ఆయుధములును పనిముట్లును బయల్పడినవి. శివగంగ జిల్లాలోని తిరుప్పాచేత్తి నేటికిని అరివాళ్లకు పేరు గన్నది. ఇక మన పూర్వులు విడిచివచ్చిన తెలుగునేల మాట చెప్పవలెనా! నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో కరగించి ఉక్కు చేయు విధమును హెన్రీ వాయ్సీ అను శాస్త్రజ్ఞుడు స్వయముగా చూచి వ్రాసెను. ఆ వ్యాసము 1832లో ప్రకటింపబడినది. ఆ ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు అంత దూరము వచ్చుచుండిరి. ఇట్టి భారతీయపు ఉక్కును గూర్చి 1795లో జార్జి పియర్సన్ లండను రాయల్ సొసైటీకి నివేదించెను. 1819లో మైకేల్ ఫారడే దానిని పరీక్షించెను. వారు దానికి వాడిన ‘ఊట్జ్’ అను పేరు తెలుగు కన్నడములలోని ‘ఉక్కు’ నుండియే పుట్టినదని పండితుల అభిప్రాయము.

ఇంతటి కీర్తియు అలుగునకు దక్కినది. పిడిని తలచినవారు అరుదు. కాని ఆలోచింపుడు: కత్తి కోయబడు వస్తువును తాకునది అలుగుతో, మనలను తాకునది పిడితో. అలుగు ఎంత మేలైనదైనను పిడి చేతికి ఒదుగనిచో, ఆ కత్తి పెట్టెలో పడియుండును. లేదా చేతిని గాయపరచును.

మొదట భాగముల పేర్లు చెప్పుకొందము. కోయు అంచు వాదర, కొన మొన. అలుగునకు వెనుక సన్నగా సాగి పిడిలోనికి చొచ్చియుండు భాగము తోక. పిడి మొదట కట్టె చీలకుండ బిగించు లోహపు కట్టు పొన్ను. మన ఇరుగుపొరుగు తమిళ సోదరులు పిడిని ‘పిడి’ అనియే యందురు. పొన్నును ‘పూణ్’ అందురు. ఈ రెండు భాషలును ఒకే కొలిమి వేడిని పంచుకొన్నవని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనమేల? ఈ మాటలు మన ఇండ్లలో వినబడుట నానాటికి తగ్గుచున్నది. వస్తువు చేతిలో ఉన్నంతకాలము మాట నోటిలో ఉండును. వస్తువును కొని పారవేయు అలవాటు వచ్చినపుడు మాటయు దానితో పోవును.

ఇక పిడి రూపమును గూర్చి. దుకాణములలో దొరకు కత్తులకు గుండ్రని పిడి తరచుగా కనబడును. తిరుగుడు యంత్రముమీద దానిని చేయుట సులభము. కాని తడిచేతిలో గుండ్రని పిడి తిరుగును. వాదర ఏ వైపున నున్నదో చేతికి తెలియదు. కోడిగ్రుడ్డువలె నిలువుగా ఎక్కువయు అడ్డముగా తక్కువయు ఉండు పిడి అట్లు తిరుగదు. కన్నులు మూసికొని పట్టుకొన్నను వాదర ఎటువైపున నున్నదో అరచేయియే చెప్పును. వంటకత్తికి నిలువు 25 మొదలు 30 మిల్లీమీటర్లును, అడ్డము 18 మొదలు 22 మిల్లీమీటర్లును సామాన్యముగా అనుకూలములు. పొడవు అరచేతి వెడల్పుకంటె రెండు మూడు సెంటీమీటర్లు మిగిలియుండవలెను. అనగా పెద్దలకు 11 లేక 12 సెంటీమీటర్లు. అంతకు తక్కువైనచో పిడి తుది అరచేతి నడుమ గ్రుచ్చుకొనును.

పిడి నడుమ కొంచెము ఉబ్బుగా నుండిన అరచేతి గుంట నిండును. తుది క్రిందికి వంగి చిలుకముక్కు వలె నుండిన, లాగి నరుకునపుడు కత్తి చేయి జారిపోదు. మొదటి భాగమున చిన్న మెట్టు ఉన్నచో, చేయి ముందునకు జారి వాదరపై పడదు. వ్రేళ్లకు ఒక్కొక్క గాడి చెక్కుట చూచుటకు అందముగా నుండును గాని, ఆ గాళ్లు ఒక్క చేతికే కుదురును. ఇంటి కత్తిని తల్లి, కుమార్తె, అవ్వ అందరును పట్టుకొందురు. ఎడమచేతివాటము బిడ్డయు ఉండవచ్చును. కావున పిడి ఉభయ పార్శ్వములును సమముగా నుండుట మేలు.

ఈ కొలతలు గ్రంథములలో చదివినంత మాత్రమున చాలదు, చేతితో పరీక్షింపవలెను. అందులకు సులభోపాయము కలదు. మెత్తని బంకమట్టి ముద్దను కఱ్ఱకు చుట్టి, కత్తిని పట్టినట్లు గట్టిగా పట్టి విడువవలెను. చేయి తన కోరికను అందులో తానే వ్రాసిపెట్టును. తరువాత కఱ్ఱతో నమూనా చెక్కి, అరచేతికి బొగ్గుపొడి పూసికొని పట్టినచో, ఎచ్చట ఎక్కువ ఒత్తుకొనుచున్నదో నల్లని గుర్తులవలన తెలియును. ఆ చోటులను ఆకురాతితో కొద్దికొద్దిగా తీసివేయవలెను. ఒక పావుగంట కూరలు తరిగిన పిమ్మట చర్మము ఎఱ్ఱబారిన చోటేదైన ఉన్నచో, ఇంకను పని మిగిలియున్నదని యెరుగవలెను. నేను చేయు పిడి ఒక్కొక్కటి ఇట్లు మూడు నాలుగు మారులు కొలిమికిని వంటింటికిని నడుమ తిరుగుచుండును. తరుగువారు “బాగున్నది” అనుటకంటె, పిడి సంగతియే మరచి పని చేసికొనుచుండుట నాకు పెద్ద మెప్పు.

కట్టెకు మనకు కొదువ లేదు. నల్లతుమ్మ, చింత, వేప మన పొలముల గట్లమీదనే యున్నవి. మన కరిసల్ నేలను ఆక్రమించి రైతును బాధించుచున్న సీమకరువేలము 1877 ప్రాంతమున ఈ దేశమునకు తేబడిన చెట్టు. దానిని నిందించుట అందరికిని తెలియును. కాని దాని చేవ మిక్కిలి గట్టిది, ఎండకు వానకు అంతగా ముడుచుకొనదు, పిడికి శ్రేష్ఠము. దాని బొగ్గు కొలిమికి ఉపయోగించును. తాటిచేవ నల్లగా అందముగా నుండును గాని నారలు లేచి గ్రుచ్చుకొనును. బాగుగా నునుపు చేయవలెను. ఏ కట్టెయైనను పచ్చిదిగా వాడరాదు. నీడలో ఏడాదియైన ఆరవలెను. లేనిచో అది ముడుచుకొని పిడి వదులగును, చీలును. నారపోగులు పిడి పొడవునకు సాగియుండునట్లు కోయవలెను. జింకకొమ్ము అందమైనదని కొందరు అడుగుదురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని నిషేధించుచున్నది; దానిని తలపెట్టరాదు.

పూర్వము కమ్మరులు తోకను కాల్చి, చిన్న బెజ్జము తొలిచిన కట్టెలోనికి దిగగొట్టి, లక్కతో బిగించుచుండిరి. నేడు ఎపాక్సీ జిగురును, ఇత్తడి చీలలును వాడుదుము. పై పూతకు అవిసెనూనె మంచిది. అది గాలికి ఎండి గట్టిపడును. వేరుసెనగనూనె, నువ్వులనూనె అట్లు ఎండక కంపుకొట్టును. ఒక్క హెచ్చరిక: అవిసెనూనె తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి పడవేసినచో అవి తమంత తామే రాజుకొనవచ్చును, వానిని విప్పి పరచి ఆరవేయవలెను. కట్టెను రాచునపుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనుట మరువరాదు.

పిడిని గూర్చి ఇంత శ్రమ యేల యని అడుగువారికి ఒక ఉదాహరణము చెప్పెదను. అమెరికాలో సామ్ ఫార్బర్ అను వ్యాపారి భార్యకు చేతికీళ్ల నొప్పి ఉండెను. సన్నని పిడిగల తొక్కతీయు కత్తిని ఆమె పట్టలేకపోవుట చూచి, ఆయన లావైన మెత్తని రబ్బరు పిడులుగల వంటింటి పనిముట్లను చేయించి, 1990లో ‘ఆక్సో’ అను పేర విక్రయింప నారంభించెను. రోగికొరకు తలపెట్టిన పిడి ఆరోగ్యవంతులకును హాయిగా నుండెను. అవి లోకమంతట వ్యాపించినవి. మన ఇండ్లలోను అట్టి చేతులున్నవి. అవ్వ “నాకు చేతకాదు, నీవే తరుగు” అనినపుడు, లోపము ఆమె చేతిదా, పిడిదా అని ఒక్కసారి విచారింపుడు. పలుచని పిడికి నూలుత్రాడు దగ్గరగా చుట్టి లావు చేసినను ఆమె తిరిగి వంటింటిలో తన చోటు సంపాదించుకొనవచ్చును.

బిడ్డల చేతికి పనిముట్టు నిచ్చుట క్రొత్త వింత కాదు. ఫిన్లాండులో ఊనో సిగ్నేయస్ అను విద్యావేత్త కృషివలన 1866లోనే ప్రాథమిక పాఠశాలలయందు చేతిపని పాఠ్యభాగమయ్యెను. స్వీడనులోని నేస్‌లో ఆటో సాలమన్ నడపిన శిక్షణాలయమునకు దేశదేశముల ఉపాధ్యాయులు వచ్చి కత్తితో కట్టె చెక్కు పద్ధతులు నేర్చుకొనిరి. మన దేశమున 1937లో వార్ధా మహాసభయందు గాంధీమహాత్ముడు చేతిపనినే విద్యకు మూలముగా ప్రతిపాదించెను. వీరందరి యుద్దేశము పిల్లలను వడ్రంగులను చేయుట కాదు. చేయి, కన్ను, మనస్సు ఒక్కటిగా పనిచేయుట నేర్పుట.

కావున మన పాఠశాలకు నా విన్నపము ఒక్కటి. అలుగు అక్కరలేకుండనే ఈ విద్య మొదలుపెట్టవచ్చును. ప్రతి బాలుడును, ప్రతి బాలికయు బంకమట్టితో తన ఇంటిలోని ఒకరి చేతికి తగిన పిడిని చేయవలెను. తనకొరకు గాక, అమ్మకొరకో అవ్వకొరకో. ఆ చేతిని కొలువవలెను, నొప్పి ఎచ్చటనని అడుగవలెను. భాగముల పేర్లను తెలుగునను తమిళమునను వ్రాయవలెను. ఇందులో గణితము కలదు, భాష కలదు, అన్నిటికంటె ముఖ్యముగా ఇతరుల చేతిని గూర్చి తలచుట కలదు. ఎదుటివారి అరచేయి నొవ్వకూడదని ఒక పిడిని పదిమారులు రాచిన బాలుడు, కత్తిని మనిషిపై ఎత్తుటకు సంకోచించునని నా నమ్మకము.

తల్లిదండ్రులారా, ఈ రాత్రి ఇంటికి పోయిన పిమ్మట మీ వంటింటి కత్తిని ఒక్కమారు చేత పట్టి చూడుడు. పిడి కదలుచున్నచో బిగింపుడు. అంచు ఒత్తుకొనుచున్నచో రాయుడు. ఆ పనిలో మీ బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఆ భాగముల పేర్లు మన భాషలో చెప్పుడు.