చిన్న కార్ఖానాకు నమ్మదగిన వైఫై

రేడియో యంత్రం ఇంట్లో ఉన్నవారికి తరంగాల స్వభావాన్ని కొత్తగా చెప్పవలసిన పని లేదు. కేంద్రం ఎంత దూరాన ఉన్నా పాట గోడలు దాటుకొని ఇంట్లోకి వస్తుంది. పొరుగింట మోటారు తిరిగితే ఆ పాటలో గరగర వినిపిస్తుంది. యంత్రాన్ని ఒక మూల నుంచి మరొక మూలకు జరిపితే గొంతు తేటపడుతుంది. ఇవన్నీ శ్రోతలందరికీ అనుభవంలోనివే. ఈనాడు దుకాణాలలో, కార్ఖానాలలో వాడుతున్న వైఫై కూడా రేడియోయే. తీగ మీద వచ్చిన ఇంటర్నెట్‌ను గాలిలోకి అందించే పెట్టెను యాక్సెస్ పాయింట్ అంటారు. దానిని ఎన్నుకొనేటప్పుడు మన పాత రేడియో అనుభవమే మంచి గురువు.

విశాఖపట్నంలో గాజువాక వద్దనున్న ఆటోనగర్‌ను ఉదాహరణగా తీసుకొందాం. లారీల మరమ్మతు, లేతు పని, వెల్డింగు, ఇనుప సామాను తయారీ వంటి చిన్న పరిశ్రమలకు అది నెలవు. ఇటువంటి కార్ఖానాలో ముందు చిన్న ఆఫీసు గది, వెనుక పొడుగాటి రేకుల షెడ్డు ఉండడం పరిపాటి. ఆఫీసులో కంప్యూటరు, షెడ్డులో మేస్త్రీ చేతి ఫోను, గేటు వద్ద కెమెరా, ఇవన్నీ ఒకే వైఫై మీద ఆధారపడతాయి.

పూర్వం టెలిఫోను పలకకపోతే కొంత చిరాకుతో సరిపోయేది. ఈనాటి సంగతి వేరు. 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రాల మధ్య సరుకు రవాణాకు, అదే నెల 15 నుంచి మన రాష్ట్రం లోపలి రవాణాకు ఈ-వే బిల్లు పద్ధతి అమలులోకి వచ్చింది. రాష్ట్రం దాటిపోయే సరుకు 50,000 రూపాయల విలువకు మించితే, సాధారణంగా ఆ బిల్లు లేనిదే రోడ్డెక్కరాదు. సాయంకాలం సరుకు నింపుకొన్న లారీ గేటులో నిలిచి ఉండగా ఆఫీసులో వైఫై మూగబోయిందనుకోండి. డ్రైవరుకు పొద్దు వృథా, కొన్నవారికి ఇచ్చిన మాట వృథా, యజమానికి పరువు నష్టం.

అందువల్ల పెట్టె కొనబోయినప్పుడు అట్ట మీద అచ్చు వేసిన వేగపు అంకెలకు మురిసిపోరాదు. ఆ అంకె సాధారణంగా పెట్టెలోని రేడియోలన్నిటి వేగాన్ని కాగితం మీద కూడగా వచ్చినది. ఒక్క ఫోనుకు అంత వేగం ఎన్నడూ అందదు. ఈ-వే బిల్లుకు అంత అక్కరా లేదు. ‘ఎంత వేగం?’ అని అడగడం కంటె ‘ఏడాది పొడుగునా ఆగకుండా పనిచేస్తుందా?’ అని అడగడం మేలు. ఈ ప్రశ్నకు జవాబు పెట్టెలో కొంతే దొరుకుతుంది. మిగిలినదంతా దానిని ఎక్కడ పెట్టాము, దేనితో నడిపించాము అన్న దానిలో ఉన్నది.

మొదట చోటు సంగతి చూద్దాం. విశాఖపట్నం ఆకాశవాణి మీడియం వేవు స్థానంగా శ్రోతలు ఎరిగిన 927 కిలోహెర్ట్జ్ వద్ద ఒక్కొక్క తరంగం పొడవు సుమారు 323 మీటర్లు. అంతటి తరంగం ఇళ్ళను, చెట్లను లెక్కచేయదు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్ తరంగం ఆరు సెంటీమీటర్లకు మించదు. ఇంతటి చిన్న తరంగాన్ని ఇనుప రేకు అద్దం వలె వెనుకకు తిప్పికొడుతుంది. కనుక ఆఫీసులో ఇనుప బీరువా మీద పెట్టిన పెట్టె, రేకు గోడకు ఆవల ఉన్న షెడ్డుకు పనికిరాదు. ఎంత ఖరీదు పెట్టినా ఈ ప్రకృతి ధర్మం మారదు.

వ్యాపారమంతా ఒక్క గదిలోనే జరిగితే ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టెయే చాలవచ్చును. అదనంగా ఖర్చు చేయనక్కర లేదు. వెనుక షెడ్డు కూడా ఉంటే ఆఫీసుకు ఒకటి, షెడ్డుకు ఒకటి చొప్పున రెండు సామాన్యమైన యాక్సెస్ పాయింట్లు, ఒక్క ఖరీదైన పెట్టె కంటె మేలు. ఆ రెంటినీ లాన్ తీగతో కలపాలి. తీగ లేకుండా నడిచే రిపీటరు చవుకే గాని, ఒకే రేడియోతో విని, విన్నదానినే తిరిగి చెప్పేది కావడం వల్ల వేగంలో సగం దానికే ఖర్చవుతుంది.

రెండవది ఇరుగుపొరుగు. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని మన దేశంలో 2005లో లైసెన్సు అవసరం లేకుండా విడిచిపెట్టారు. అందరికీ ఉచితమైన దారి కనుక అందరూ దానినే తొక్కుతున్నారు. అందులో ఒకదానితో ఒకటి ఒరుసుకోని చానళ్ళు మూడే: 1, 6, 11. పక్క కార్ఖానా 1 వాడుతుంటే మనం 6 గాని, 11 గాని ఎంచుకోవాలి. 2018లో 5 గిగాహెర్ట్జ్ పట్టీలో విశాలమైన భాగాన్ని కూడా ఇట్లాగే విడిచిపెట్టారు కనుక రెండు పట్టీలూ పలికే పెట్టెనే కొనడం మంచిది. ఒక్క జాగ్రత్త ఉన్నది. ఆ రెండవ పట్టీ నడిమి చానళ్ళలో రాడారు వంటి సంకేతం వినబడితే పెట్టె తనంతట తానే ఆ చానలు ఖాళీ చేసి పోయేటట్లు తయారు చేస్తారు. ఓడరేవు, నౌకాదళం ఉన్న నగరంలో 36 నుంచి 48 వరకు, లేదా 149 నుంచి 165 వరకు ఉన్న చానళ్ళలో స్థిరపడితే ఈ బెడద ఉండదు.

మూడవది విద్యుత్తు. పెద్ద మోటారు గాని, వెల్డింగు యంత్రం గాని మొదలైనప్పుడు దీపాలు ఒక్క క్షణం మసకబారడం కార్ఖానాలలో మామూలే. ఆ క్షణంలో వైఫై పెట్టె ఆరి వెలిగితే, మళ్ళీ పని అందుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. దీనికి చక్కని ఉపాయం ఉన్నది. లాన్ తీగలోనే కరెంటును కూడా పంపే పద్ధతికి 2003లోనే అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడింది. ఒక్కొక్క తీగ 100 మీటర్ల వరకు పోవచ్చును. ఈ పద్ధతికి పనికివచ్చే యాక్సెస్ పాయింట్లు, స్విచ్చి కొని, స్విచ్చినీ ఇంటర్నెట్ పెట్టెనూ ఆఫీసులోని ఒక్క యు.పి.ఎస్.కు తగిలిస్తే, షెడ్డు చివర ఉన్న పెట్టె కూడా ఆ యు.పి.ఎస్. మీదనే నడుస్తుంది.

బయటి నుంచి వచ్చే తీగ తెగితే మాత్రం ఏ పెట్టె చేయగలిగిందీ లేదు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి ప్రారంభించిన మన రాష్ట్రపు ఫైబర్‌నెట్ తీగలు చాలవరకు కరెంటు స్తంభాల మీదుగా సాగినవే. అటువంటి తీగకు గాలివాన శత్రువు, ఎత్తుగా సరుకు వేసిన లారీ కూడా శత్రువే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖ వాసులు కరెంటుకు, ఫోనుకు ఎన్ని రోజులు ముఖం వాచారో మరచిపోలేరు. అంతటి ఉపద్రవం మాట ఎట్లా ఉన్నా, మామూలు రోజున తీగ తెగితే మొబైలు సిమ్ము మీదికి మారగల రౌటరు ఉంటే లారీ గేటులో ఆగదు.

నాలుగవది వాతావరణం. ఇళ్ళలో వాడే పెట్టెలు చాలవరకు 40 డిగ్రీల వేడి వరకే తట్టుకొనేటట్లు తయారవుతాయి. మే నెలలో రేకు కప్పు కింద వేడి అంతటితో ఆగదు. దానికి తోడు గాలిలో సముద్రపు ఉప్పు, గ్రైండింగు వల్ల లేచే ఇనుప రజను. కనుక షెడ్డులోకి ఎక్కువ వేడిని తట్టుకొనేది, దుమ్ము, నీరు చొరకుండా ఐ.పి.65 వంటి గుర్తు గలది తీసుకోవాలి. దానిని రేకుకు అంటించక, రెండు మూడడుగులు కిందికి బిగించాలి.

ఐదవది భద్రత. ఆఫీసులో లెక్కలు నడిచే వైఫై తాళపు మాటను వచ్చినవారందరికీ చెప్పడం, గల్లాపెట్టె తాళం చెవి చేతికివ్వడం వంటిదే. డ్రైవర్లకు, ఖాతాదారులకు అతిథుల వైఫై వేరుగా ఏర్పాటు చేయవచ్చును. 2017లో డబ్ల్యు.పి.ఎ.2 అనే రక్షణ పద్ధతిలో ఒక లోపం బయటపడగా, శ్రద్ధగల తయారీదారులు సవరణలు పంపారు. సవరణలు అందని పాత పెట్టెలు లోపంతోనే మిగిలిపోయాయి. కనుక డబ్ల్యు.పి.ఎ.3 ఉన్నదా, సవరణలు ఎన్నేళ్ళు పంపుతారు, వారంటీ ఎంత, మరమ్మతు విశాఖలోనే జరుగుతుందా అన్న ప్రశ్నలు కొనకముందే అడగాలి. వైర్‌లెస్ యంత్రానికి కేంద్ర టెలికాం శాఖ వారి టైప్ అప్రూవల్ ఉన్నదో లేదో కూడా విచారించాలి.

చివరకు పరీక్ష. ఆదివారం షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు చేసే పరీక్ష పరీక్ష కాదు. యంత్రాలన్నీ నడుస్తూ, లారీ లోపల నిలిచి ఉండగా, ఫోను చేతబట్టుకొని మూలమూలకూ నడవాలి. సంకేత బలం చూపించే సాధనాలు ఫోనులో దొరుకుతాయి. అది మైనస్ 67 డెసిబెల్ ప్రాంతంలో ఉంటే పనికి ఢోకా లేదు. మైనస్ 80కి జారితే ఆ మూల ఉన్నా లేనట్లే. ఈ విధంగా ఒక వారం చూసిన తరువాతనే పూర్తి సొమ్ము చెల్లిస్తామని ముందుగా ఒప్పందం చేసుకోవడం వివేకం.

మంచి పనివాడిని ఎట్లా గుర్తిస్తాం? పెళ్ళినాటి హడావుడిలో అందరూ చురుకుగానే కనిపిస్తారు. ఎండలో, వానలో, పని ఒత్తిడిలో చెప్పిన వేళకు వచ్చేవాడినే నమ్ముతాం. వైఫై పెట్టెకూ అదే కొలత.