ఎవరికీ చెప్పొద్దన్న గురువు

ఆదివారం కూడా ఇల్లు వదిలి కృష్ణా, ఏలూరు జిల్లాల నుంచి వచ్చిన డాక్టర్లు మీరు. నేను డాక్టర్ని కాను. క్రైమ్ వార్తలు రాసి బతికినవాణ్ణి. కాబట్టి వైద్యం సంగతుల్లో ఎక్కడైనా తడబడితే అక్కడే ఆపి సరిదిద్దండి, ఏమీ అనుకోను.

బాబాల మీద ఉపన్యాసమంటే వినేవాళ్లు ఒక బొమ్మ ముందే గీసుకుని వస్తారు. కాషాయం, గడ్డం, గేటు దగ్గర కార్లు, వెనక వేలమంది భక్తులు. నేను చెప్పబోయే మనిషికి ఇవేవీ లేవు. ఏలూరులో ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్‌గా చేసి, ఆ తర్వాత రియల్ ఎస్టేట్‌లోకి దిగినవాడు. ఆశ్రమం లేదు, ట్రస్టు లేదు, పీఠం అసలే లేదు. చేతిలో ఉన్నదల్లా ప్రసాదం.

2019 నవంబరు మొదటి వారంలో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా ఎస్పీ నవదీప్ సింగ్ గ్రేవాల్ విలేకరుల ముందు పెట్టిన కేసు ఇది. నిందితుడు వెల్లంకి సింహాద్రి అలియాస్ శివ. 2018 ఫిబ్రవరి నుంచి 2019 అక్టోబరు దాకా, అంటే 20 నెలల్లో, 10 మందిని సైనైడ్ కలిపిన ప్రసాదం పెట్టి చంపాడని పోలీసుల అభియోగం. నూజివీడులో మొదలై, కృష్ణా, ఉభయ గోదావరి జిల్లాలు తిరిగి, ఏలూరులో ఆగింది. సైనైడ్ సమకూర్చాడన్న ఆరోపణ మీద మన బెజవాడ మనిషినే ఒకర్ని పట్టుకున్నారు. నేను చెబుతున్నది పోలీసులు బయటపెట్టిన కథనం. నేరం తేల్చడం కోర్టు పని, నాది కాదు.

ఆ 10 మందిలో అతని సొంత బంధువులు ఉన్నారు. ఒక స్వామీజీ కూడా ఉన్నారు. ఆఖరి మనిషి బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు. చదువు లేక మోసపోతారని మనం అలవాటుగా అనే మాట ఇక్కడ నిలవదు. 2021 జనవరిలో మదనపల్లెలో కన్నకూతుళ్లిద్దర్నీ చంపారన్న కేసులో అరెస్టయిన దంపతులు పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లే కదా. డిగ్రీల సంగతి వదిలేద్దాం.

ఎర ఏమిటో చూద్దాం. లంకెబిందెలు, గుప్తనిధులు, రెండు తలల పాము, ఉన్న బంగారాన్ని రెట్టింపు చేసే పూజ, తగ్గని జబ్బుకి మందు, వీటన్నిటికీ పైన రైస్ పుల్లర్. పాత రాగి నాణేన్నో చెంబునో పళ్లెంలో పెడతారు, చుట్టూ బియ్యం చల్లుతారు, గింజలు దాని వైపు జరుగుతాయి. పిడుగు పడి ఆ లోహానికి శక్తి వచ్చిందని, ఇరిడియం అని, నాసా వాళ్లు కోట్లు పెట్టి కొంటారని చెబుతారు. లోపల ఉండేది అయస్కాంతం, బియ్యానికి పట్టించింది ఇనుప రజను. ఇంతకంటే చవక గారడీ సంతలో కూడా దొరకదు. అయినా ఇన్నేళ్లుగా ఎలా నడుస్తోంది?

ఈ సరుకుతో పాటు ఒక షరతు వస్తుంది కాబట్టి. ఎవరికీ చెప్పకూడదు. చెబితే నిధి జరిగిపోతుంది, నాణెం మహిమ పోతుంది, మందు పారదు. కట్టుకున్న భార్యకి కూడా వద్దు. డబ్బు, బంగారం పట్టుకుని ఒక్కడివే రావాలి.

మన డెల్టా మనిషికి ఈ షరతు వింతగా ఉండదు. పొలం బేరం కుదిరి అడ్వాన్సు చేతులు మారేదాకా మనం పక్కింటివాడికి చెప్పం. పిల్లకి సంబంధం ఖాయమయ్యేదాకా నోరు మెదపం. కోడలు నెల తప్పితే మూడో నెల దాకా గుట్టే. దిష్టి తగులుతుందని భయం. పుట్టినప్పటి నుంచి గుట్టు నేర్చిన మనిషిని గుట్టుగా ఉండమంటే, ‘సరే స్వామీ’ అంటాడు తప్ప ఎందుకని అడగడు. సైనైడ్ పని కొద్ది నిమిషాలే. ఆ నిమిషాల దాకా మనిషిని ఒంటరిగా నడిపించి తెచ్చింది ఈ షరతు.

గురువంటే చుట్టూ శిష్యబృందం ఉంటుంది, వాళ్లలో వాళ్లకి మాటలుంటాయి, అసూయలుంటాయి. ఎవరో ఒకరు నోరు జారతారు. ఇక్కడ శిష్యులున్నారు గానీ బృందం లేదు. నూజివీడు మనిషికి రాజమండ్రి మనిషి తెలిసే వీలే లేదు. ఎవరికి వారు ఈ అదృష్టం నా ఒక్కడికే పట్టిందనుకున్నారు. పోలీసు స్టేషన్లలోనూ అదే తంతు. మూడు జిల్లాల్లో విడివిడిగా పడిన చావుల్ని కలిపి చూడాల్సిన అవసరం ఎవరికి కనబడుతుంది?

పెద్ద ఆశ్రమాల గురించి కూడా మాట్లాడమని కొందరు మిత్రులు అన్నారు. 1993 జూన్ 6 రాత్రి పుట్టపర్తి ప్రశాంతి నిలయంలో ఆరుగురు చనిపోయారు. ఇద్దరు సత్యసాయి పరిచారకులు కత్తిపోట్లకి, లోపలికి చొరబడిన నలుగురు పోలీసు కాల్పులకి. దాని మీద పుస్తకాలొచ్చాయి, పిటిషన్లు పడ్డాయి, బయటి దేశాల టీవీలు కూడా మాట్లాడాయి. జవాబులు ఎంతవరకు వచ్చాయన్నది వేరే చర్చ, కనీసం ప్రశ్నలు అడిగేవాళ్లు ఉన్నారు. గేటు ఉన్న చోట గేటు బయట విలేకరి నిలబడతాడు. ఏలూరు కేసులో నిలబడటానికి గేటే లేదు.

ప్రసాదం దగ్గర కాసేపు ఆగాలి. మనం ప్రసాదం ఎలా తీసుకుంటామో ఒకసారి గుర్తు చేసుకోండి. ఎడమ చెయ్యి కింద, కుడి చెయ్యి పైన. కళ్లకద్దుకుంటాం. కింద పడకుండా మొత్తం ఒక్కసారే నోట్లో వేసుకుంటాం. వాసన చూడం, ఎవరు చేశారని అడగం. హోటల్లో ఇడ్లీ కాస్త తేడాగా ఉంటే సర్వర్ని పిలిచి తగువేసుకునే మనిషి కూడా, ప్రసాదం చేదుగా ఉంటే దేవుడి సొత్తని మింగుతాడు. ఉమ్మితే పాపం. ఈ మర్యాదని లెక్కలోకి తీసుకున్నవాడికి వేరే తెలివితేటలు అక్కర్లేదు.

ఇక మీ శాస్త్రం. ఫోరెన్సిక్ డాక్టర్ల దగ్గర నాకు అర్థమైంది ఇది. సైనైడ్ కణంలోని సైటోక్రోమ్ ఆక్సిడేజ్‌ని పట్టేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ ఉన్నా కణం దాన్ని వాడుకోలేదు. మనిషి నిమిషాల్లో కూలిపోతాడు. ఒంటి మీద గాయం ఉండదు, రక్తం ఉండదు. వాడకుండా మిగిలిన ఆక్సిజన్ వల్ల శవం మీద మచ్చలు మామూలు కంటే ఎర్రగా కనబడతాయి. చామనఛాయ ఒంటి మీద, ఇంటి వసారాలో ట్యూబ్‌లైటు వెలుగులో, చుట్టూ ఏడుపుల మధ్య ఆ ఎరుపు ఎవరికి కనబడాలి? చేదు బాదం వాసన వస్తుందని పుస్తకాల్లో ఉంటుంది, ఆ వాసన పట్టే ముక్కు పుట్టుకతో అందరికీ రాదు. ఇక దొరకడమంటారా, నగలకి పూత వేసే పనిలో ఈ లవణాలు వాడుకలో ఉన్నవే. విషాల అమ్మకం మీద 1919 నుంచీ చట్టం ఉన్నా దొరుకుతున్నాయి.

ఒంటి మీద గాయం, రక్తం కనబడవు కాబట్టే ఏలూరు కేసు చావుల్లో చాలావాటిని ఇంట్లోవాళ్లు గుండెపోటనుకున్నారు, ఫిర్యాదు చేయలేదు. నలభై దాటిన మగమనిషి రోడ్డు మీద కూలిపోతే మన ఊళ్లలో వేరే మాటే రాదు. డబ్బు పోయిందని తెలిసినవాళ్లకి కూడా ఇంకో భయం ఉంటుంది. స్టేషన్‌కి వెళితే, మీ ఆయన డబ్బు పట్టుకుని ఎవరి దగ్గరకి, ఎందుకు వెళ్లాడమ్మా అని అడుగుతారు. లంకెబిందెల కోసమని చెప్పుకునేకంటే గుండెపోటే పరువుగా ఉంటుంది. బతికి మోసపోయినవాళ్లు బయటికి రానిది కూడా ఈ సిగ్గుతోనే.

మరి ఎలా దొరికాడు? 2019 అక్టోబరు 16న ఆ వ్యాయామ ఉపాధ్యాయుడు నగదు, నగలు తీసుకుని ఇంట్లోంచి బయల్దేరాడు. తర్వాత శవమై కనబడ్డాడు. మొదట అక్కడా గుండెపోటే అనుకున్నారు. కానీ ఆయన పట్టుకెళ్లిన డబ్బు, నగలు లేవు. ఇంట్లోవాళ్లు ఆ లెక్క అడిగారు. అంతే. అక్కడి నుంచి పోలీసులు ఫోన్ కాల్స్ పట్టుకుని వెనక్కి వెళ్లారు. పాత చావులు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

ఇలాంటిది మన డెల్టాకే పరిమితం కాదు. 2023 డిసెంబరులో నాగర్‌కర్నూలు పోలీసులు ఒక రియల్ ఎస్టేట్ మనిషిని పట్టుకున్నారు. గుప్తనిధులు తీస్తానని చెప్పి, తీర్థం పేరుతో విషమిచ్చి 11 మందిని చంపాడని అభియోగం. వాళ్లలో నలుగురు 2020లో వనపర్తి జిల్లాలో ఒకే ఇంట్లో శవాలై దొరికినవాళ్లు. పక్కన పూజ సామాను కూడా ఉంది. ఆ చిక్కు మూడేళ్లు విడలేదు. అక్కడా తీగ కదిలింది, మా ఆయన కనబడటం లేదని ఒక భార్య చేసిన ఫిర్యాదుతో.

ఇంకా దూరం వెళ్తే, ఎక్కడో దక్షిణ అమెరికాలో గయానా ఉంది. చెరకు తోటల్లో కూలికి మన తెలుగువాళ్లు కూడా ఓడలెక్కి వెళ్లిన దేశం. అక్కడ అడవిలో జిమ్ జోన్స్ అనే అమెరికన్ మతగురువు తన పేరుతో ఊరు కట్టుకున్నాడు. 1978 నవంబరు 18న ఆ ఊళ్లో 900 మందికి పైగా చనిపోయారు. అందులో 300 మందికి పైగా పిల్లలే. అక్కడా సైనైడే, తియ్యటి పానీయంలో కలిపారు. జోన్స్ తన మనుషుల్ని బంధువులకి అందనంత దూరం తీసుకెళ్లి కాపలా పెట్టాల్సి వచ్చింది. ఏలూరులో ఆ ఖర్చు లేదు. మనిషి తన ఇంట్లోనే, తన మంచం మీదే పడుకుని, తన వాళ్లకి అందకుండా పోయాడు.

ఈ బెజవాడలో ఉండి నాస్తికవాది గోరా గారిని తలుచుకోకపోతే తప్పవుతుంది. 1940లో ముదునూరులో పెట్టిన నాస్తిక కేంద్రాన్ని 1947లో ఇక్కడ పటమటకి తెచ్చారు. ఆయన భార్య సరస్వతి గోరా గారు కడుపుతో ఉండి గ్రహణం చూశారు, నిప్పుల మీద నడిచి చూపించారు. అదంతా పదిమంది ముందు జరిగింది. గారడీ గుట్టు వేదికెక్కి విప్పడం గొప్ప పనే. నా అభ్యంతరం ఒక్కటే. ఆ పద్ధతి వేదికెక్కే బాబా మీద పనిచేస్తుంది. రైస్ పుల్లర్ మనిషి వేదికెక్కడు. ఫోన్‌లో మాట్లాడతాడు, కాలవ గట్టు మీద కలుస్తాడు. అతని మీద సభ పెట్టలేం. మూఢనమ్మకాల మీద చట్టం తెమ్మంటారా, మహారాష్ట్ర 2013లో తెచ్చింది, అదీ పుణెలో హేతువాది నరేంద్ర దాభోల్కర్‌ని కాల్చి చంపాక. తర్వాత కర్ణాటక తెచ్చింది. మనకీ వస్తే మంచిదే. కానీ ఏ చట్టమైనా ఎవరో ఒకరు నోరు విప్పాకే కదలాలి.

అందుకే మీ దగ్గరకి వచ్చాను. ఆ గుట్టు లోపలికి అడుగుపెట్టే మొదటి పరాయి మనిషి చాలాసార్లు డాక్టరే. మరణ ధ్రువీకరణ ఫారంలోనే రాసి ఉంటుంది, గుండె ఆగింది లాంటి చనిపోయిన తీరు రాయొద్దు, కారణం రాయమని. మనవాళ్లు రాసేది ఎక్కువగా తీరే. గుండె ఆగకుండా ఎవరు పోతారు? పోస్టుమార్టం అనగానే ఇంటిపెద్ద వచ్చి, ‘డాక్టరు గారూ, పోయినవాడు ఎలాగూ రాడు, ఇక కోతలెందుకండీ’ అంటాడు. మీరు కూడా ఆ ఊరివాళ్లే, కాదనలేరు. అయినా ఇంట్లోవాళ్లని పక్కకి పిలిచి మూడు మాటలు అడగొచ్చు. పొద్దున ఎక్కడికని చెప్పి వెళ్లాడు, ఏం పట్టుకెళ్లాడు, ఈ మధ్య ఎవరితో గుసగుసగా ఫోన్లు మాట్లాడుతున్నాడు. జవాబు నసుగుడుగా వస్తే స్టేషన్‌కి కబురు పెట్టండి. పాత సీఆర్‌పీసీ 174 సెక్షన్ 2024 జూలై నుంచి కొత్త చట్టంలో 194 అయింది. నంబరు మారినా అనుమానాస్పద మృతి అనుమానాస్పద మృతే.

ఆ మరణ ధ్రువీకరణ ఫారం, అదే 4ఎ, కాగితాలు కొన్ని జిరాక్సు తీయించి తెచ్చాను, మీ వైపు పంపిస్తున్నాను. భోజనాలకి ముందు ఒకటి అందరం కలిసి చూద్దాం. నేను కల్పించిన కేసే. యాభై ఏళ్ల మనిషి, బీపీ లేదు, షుగర్ లేదు. చెరువు గట్టు పక్కన బండి స్టాండు వేసి ఉంది, మనిషి నేల మీద ఉన్నాడు. జేబులో పర్సు ఉంది. వేలికి ఉంగరం అచ్చు ఉంది, ఉంగరం లేదు. తమ్ముడు మీ ఎదురుగా నిలబడి, గుండెపోటని రాసివ్వమంటున్నాడు. ముందు వరసలో డాక్టరమ్మ గారూ, మీతో మొదలుపెడదాం. ఆ కారణం గడిలో ఏం రాస్తారు?