సిపాయి బదిలీ – బిడ్డ చికిత్స



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల వారికి వలస యనునది కొత్త మాట కాదు. సిరిసిల్ల నేతపనివారు మగ్గము పని వెదకుకొనుచు భీవండికి, షోలాపురమునకు పోయిరి. జగిత్యాల, కోరుట్ల పల్లెల యువకులు గల్ఫు దేశములకు పోయి యేండ్ల తరబడి పాటుపడుచున్నారు. ఇంటి మగవాడు దూరమున నుండగా ఇల్లాలు, పిల్లలు, ముసలివారు ఎట్లు కాలము గడుపుదురో మీకు చెప్పనక్కరలేదు. నేటి ప్రసంగము అట్టి యెడబాటులలో నొకదానిని గూర్చినది. సైన్యములో కొలువు చేయుచున్న సిపాయికి బదిలీ ఉత్తరువు వచ్చినది. ఆతని బిడ్డకు తెగకుండ జరుగవలసిన చికిత్స యొకటి యున్నది. అపుడా కుటుంబ మేమి చేయవలెను? ఊరి పెద్దలు ఏమి సలహా చెప్పవలెను?

గల్ఫునకు పోవువాడు తన యెన్నికచే పోవును. తిరిగి వచ్చుటకును కొంత స్వేచ్ఛ కలదు. సిపాయి సంగతి వేరు. సామాన్యముగా రెండు మూడు సంవత్సరముల కొకసారి ఆతనికి స్థలము మారును. కొన్నాళ్లు శాంతికాలపు స్టేషనులో నుండును. క్వార్టరు దొరికినచో భార్యాబిడ్డలు వెంట నుండవచ్చును. తరువాత సరిహద్దున ఫీల్డు ప్రాంతమునకు పోవలసి వచ్చును. అచ్చటికి కుటుంబమును కొనిపోవుటకు వీలులేదు. ఆరోగ్యముగా నున్న పిల్లలకు ఈ మార్పు వలన బడి మారును, స్నేహితులు మారుదురు. కొంత కష్టమే గాని అపాయము కాదు. జబ్బుతో నున్న బిడ్డకు మాత్రము వైద్యుడు మారును, మందు దొరకు చోటు మారును, ఒక్కొక్కప్పుడు చికిత్సయే ఆగిపోవును.

బిడ్డల జబ్బులన్నియు ఒకే తీరువి కావు. బదిలీ విషయములో వానిని మూడు తెగలుగా చూచుట మేలు.

మొదటిది, తేదీ తప్పరాని చికిత్స. తలసేమియా యను రక్తవ్యాధి యిందుకు ఉదాహరణము. ఈ వ్యాధి తీవ్రముగా నున్న బిడ్డ శరీరము చాలినంత మంచి నెత్తురును తయారు చేసికొనజాలదు. కావున రెండు మొదలు ఐదు వారముల కొకసారి పరుల నెత్తురు ఎక్కింపవలెను. ఆ నెత్తురు వెంట వచ్చిన ఇనుము శరీరములో పేరుకొని గుండెను, కాలేయమును చెరచును. దానిని వెడలగొట్టు మందును కూడ క్రమముగా ఈయవలెను. కొత్త ఊరిలో రక్తనిధి యెక్కడో తెలిసికొనుటకు నెల పట్టినచో, ఆ నెల బిడ్డ తాళజాలదు.

రెండవది, పూట తప్పరాని మందు. మూర్ఛ వ్యాధి మందును హఠాత్తుగా మానినచో ఆగని మూర్ఛలు వచ్చి ప్రాణము మీదికి రావచ్చును. పిల్లలకు వచ్చు మొదటి రకపు చక్కెర వ్యాధికి ఇన్సులిను సూది తప్ప వేరు గతి లేదు. అది కొన్ని దినములు లేకున్నను ప్రాణాపాయము.

మూడవది, దినదినము సాగవలసిన శిక్షణ. మెదడునకు కలిగిన లోపముచే కాలుసేతులు బిగిసిపోవు సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యము, ఆటిజము, పుట్టుచెవుడు మొదలగునవి యీ తెగలోనివి. వీనిలో ప్రాణభయము వెంటనే కనబడదు. కావుననే పెద్దలు వీనిని తేలికగా నెంచుదురు. అది పొరపాటు. వ్యాయామము నెలల తరబడి ఆగినచో కండరములు మరింత బిగియును. అడుగు వేయ నేర్చుచున్న బిడ్డ మరల మంచము పట్టవచ్చును. మాటలు నేర్చుకొనవలసిన వయస్సు గడచిపోయినచో మరల రాదు.

ఇప్పుడు మన యిండ్ల సంగతికి వత్తము. బదిలీ ఉత్తరువు వచ్చెనని తెలియగానే పెద్దలు సామాన్యముగా అను మాట యొకటి కలదు: “కోడలిని, బిడ్డను ఊరికి పంపుము, ఇక్కడ మేము లేమా?” ఈ మాటలో ప్రేమ కలదు, బాధ్యత కలదు. భాష తెలియని చోట ఒంటరిగా జబ్బుబిడ్డను చూచుకొనుటకంటె, అత్తమామల చేతిసాయము, ఇరుగుపొరుగుల అండ తల్లికి గొప్ప బలము. దీనిని నేను కాదనను. కాని యీ తీర్పు చెప్పుటకు ముందు లాభనష్టములను రెంటిని తూచవలెను.

కొలువులో నున్న సిపాయి భార్యాబిడ్డలకు సైనిక వైద్యశాలలలో చికిత్స ఉచితము. అట్టి వైద్యశాల జగిత్యాలలో గాని, కోరుట్లలో గాని, సిరిసిల్లలో గాని లేదు, సికిందరాబాదు పోవలెను. జగిత్యాల నుండి అది సుమారు 200 కిలోమీటర్లు. మాజీ సైనికుల వైద్యపథకము 2003వ సంవత్సరములో ప్రారంభమయ్యెను గాని, అది పేరులో నున్నట్లు కొలువు విడిచినవారి కొఱకు ఏర్పడినది. కావున ఊరికి వచ్చిన కోడలు బిడ్డతో కూడ ఉచితవైద్యమునకు దూరమగుచున్నదని గ్రహింపవలెను.

అట్లని ఊరివైపున ఏమియు లేదనుకొనరాదు. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసెను. వికలాంగ బాలబాలికలకు బోధనయు వ్యాయామమును నేర్పు భవిత కేంద్రములు మండలములలో నున్నవి. 2013లో నారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము వారు అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి పిల్లలను పరీక్షించుచున్నారు. మూడవ తెగకు చెందిన కొందరు బిడ్డలకు ఈ ఏర్పాట్లు చాలవచ్చును. ఈ బిడ్డకు చాలునా చాలదా యనునది మాత్రము బిడ్డను చూచిన వైద్యుడు చెప్పవలెను గాని, రచ్చబండ తీర్పు చెప్పరాదు.

కుటుంబము ముందర నాలుగు దారులు కలవు.

మొదటి దారి, సిపాయి తన పై యధికారికి వ్రాతమూలకముగా విన్నవించుకొనుట. కుటుంబములో తీవ్రమైన అనారోగ్య మున్నపుడు దయాదృష్టితో అనుకూలమగు చోటికి బదిలీ చేయు పద్ధతి సైన్యములో కలదు. అది హక్కుగా అడుగునది కాదు, సైన్యపు అవసరమును బట్టి, వైద్యపత్రముల బలమును బట్టి నిర్ణయింతురు, కొంతకాలమునకే దొరకును. అడిగిన ప్రతివానికి దొరకునని నేను చెప్పజాలను. కాని అడుగనివానికి దొరకదు. “అడిగినచో పిరికివాడందురు” అని మన కుర్రవాండ్రు సంకోచింతురు. బిడ్డ రోగము దాచి మనస్సంతయు ఇంటివద్ద నుంచి కాపలా కాయు సిపాయి వలన సైన్యమునకును మేలు లేదు. కేంద్రప్రభుత్వపు సివిలు ఉద్యోగుల విషయములో, వికలాంగ సంతానమును సాకువారిని మామూలు బదిలీల నుండి మినహాయింపవచ్చునని 2014లో ఉత్తరువు వెలువడినది; 2018లో దానిని విస్తరించిరి. ఆ యుత్తరువు సిపాయిలకు వర్తింపదు గాని, అడుగుట సిగ్గుపని కాదని మనకు తెలుపుచున్నది. అమెరికా దేశపు సైన్యములో ఇట్టి కుటుంబములను ముందుగానే పట్టికలో నమోదు చేసి, కొత్త స్థలములో బిడ్డకు కావలసిన వైద్యము కలదా యని విచారించిన పిమ్మటనే కుటుంబమును అచ్చటికి పంపుదురు.

రెండవ దారి, సిపాయి ఫీల్డునకు పోయినను తల్లీబిడ్డలు కంటోన్మెంటులోనే యుండుట. భర్త దూరమున నున్న కుటుంబముల కొఱకు కొన్ని స్టేషనులలో ప్రత్యేకముగా క్వార్టర్లు కలవు. ఖాళీని బట్టి యిత్తురు. మన ప్రాంతము వారికి సికిందరాబాదు అనుకూలము. 1806లో ఏర్పడిన ఆ కంటోన్మెంటులో సైనిక వైద్యశాల కలదు. బోయినపల్లి వద్ద మనోవికాసనగరులో, బుద్ధిమాంద్యము గల పిల్లల కొఱకు 1984లో స్థాపించిన జాతీయసంస్థ కలదు. అచ్చట బిడ్డను పరీక్షించి, ఇంటివద్ద చేయింపవలసిన శిక్షణను తలిదండ్రులకు నేర్పుదురు. తలసేమియా బిడ్డల కొఱకు 1998లో ఏర్పడిన సంఘము హైదరాబాదులో రక్తమెక్కించు కేంద్రమును నడుపుచున్నది. సైనికుల భార్యల సంక్షేమ సంఘము వారు పలు కంటోన్మెంట్లలో ఇట్టి పిల్లల కొఱకు ‘ఆశా’ పాఠశాలలు నడుపుచున్నారు. ఊరినుండి అవ్వయో తాతయో పోయి కొన్ని నెలలు తోడుండినచో ఈ దారి మిక్కిలి మంచిది. కోడలిని ఊరికి రప్పించుటకు మారుగా ఊరే కొంత కదలి ఆమె వద్దకు పోవుట యిది.

మూడవ దారి, కుటుంబమంతయు కొత్త స్టేషనునకు పోవుట. ఇందులో ఒక నియమమున్నది: సామాను కట్టుటకు ముందే అచ్చటి వైద్యుడెవరో, రక్తనిధి యెక్కడో, బడి యేదో విచారింపవలెను. సిపాయి ముందుగా పోయి చూచి, కుదిరిన పిమ్మట కుటుంబమును పిలిపించుకొనుట మేలు.

నాలుగవ దారి, ఊరికి వచ్చుట. పై మూడును కుదరనపుడు గాని, వైద్యుడు సరేయనినపుడు గాని దీనిని పట్టవలెను.

ఏ దారి పట్టినను కాగితములు ముఖ్యము. బిడ్డ పుట్టుక సైనిక రికార్డులలో పార్ట్ టూ ఆర్డరు ద్వారా ఎక్కినదా యని చూచుకొనవలెను. వైకల్య ధ్రువపత్రమును, దేశమంతట చెల్లు యు.డి.ఐ.డి. కార్డును పొందవలెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. తలసేమియా, హిమోఫీలియా, సికిల్ సెల్ అను రక్తవ్యాధులు కూడ అందులో చేరినవి. ఈ పత్రముల ఫలము నేటితో పోదు. తండ్రి కొలువు విడిచిన పిదప, సామాన్యముగా కొడుకునకు 25 ఏండ్లతో ఆగిపోవు వైద్యపథకము శాశ్వతవైకల్యము గల బిడ్డకు వయోపరిమితి లేక సాగును. సంపాదించుకొన శక్తి లేని బిడ్డకు తలిదండ్రుల యనంతరము జీవితాంతము కుటుంబ పింఛను వచ్చుటకు నియమములు కలవు. రికార్డులలో పేరు లేని బిడ్డ, తలిదండ్రులు పోయిన పిమ్మట ఎవరి గడప యెక్కి తన హక్కును నిరూపించుకొనును? ఇట్టి సందేహములకు కరీంనగరములోని సైనిక సంక్షేమ కార్యాలయము వారిని అడుగవచ్చును.

ప్రయాణమును గూర్చి రెండు మాటలు. రోగవివరము, మందుల పేర్లు, మోతాదు, రక్తపు గ్రూపు వ్రాయించిన కాగితమును రెండు ప్రతులు చేయించి, ఒకటి తల్లివద్ద, ఒకటి తండ్రివద్ద ఉంచవలెను. ప్రయాణపు దినములకంటె ఎక్కువ కాలమునకు సరిపోవు మందును చేతిసంచిలోనే పెట్టుకొనవలెను, లగేజిలో వేయరాదు. ఇన్సులినును ఎండ తగులనీయరాదు, గడ్డకట్టనీయను రాదు. ఒకసారి గడ్డకట్టినది కరగినను పనికిరాదు. ఊరిలో ఫ్రిజ్ లేనిచో తడి ఇసుకలో కొత్త కుండ నుంచి, అందులో సీసాను పొడిగా భద్రపరచుట తెలిసిన ఉపాయమే. తలసేమియా రోగులకు చికిత్స నిమిత్తము పోవునపుడు రైలుచార్జీలో రాయితీ కలదు.

ఇక కడపట పెద్దల వంతు. బిడ్డ రోగమును దాచకుడు. “కోడలి వంశములో దోషము” అని నిందింపకుడు. తలసేమియా తల్లి యొక్కతె వలన రాదు. తలిదండ్రు లిద్దరి నెత్తురులోను ఆ బీజమున్నపుడే వచ్చును. అట్టివారికి కలుగు ప్రతి కాన్పునందును నాలుగింట ఒక వంతు ప్రమాదము కలదు. మేనరికములలో ఇట్టి కలయికకు అవకాశ మెక్కువ. పెండ్లికి ముందో, గర్భమున తొలినెలలలోనో చేయించు రక్తపరీక్ష దీనిని తెలుపును. నిందకంటె పరీక్ష మేలు.

మరియొక పని ఊరంతయు చేయదగినది. మూడు వారముల కొకసారి యన్నచో సంవత్సరమునకు 17 సార్లు నెత్తురు కావలెను. ఆరోగ్యవంతుడగు పురుషుడు మూడు నెలల కొకసారి, అనగా ఏటికి నాలుగు సార్లు దానము చేయవచ్చును. ఒక్కొక్క మారు ఒక సంచి చాలు చిన్నబిడ్డకు ఐదుగురు యువకులు వంతులు వేసికొన్నచో ఏడాది గడచును. ముందుముందు మూలుగ మార్పిడి చేయదలచిన బిడ్డకు దగ్గరి రక్తబంధువుల నెత్తురు ఎక్కింపకుండుట మంచిదని వైద్యులు చెప్పుదురు. కావున ఇచట బంధువులకంటె ఊరివారే ఎక్కువ అక్కరకు వత్తురు. సరిహద్దున నిలిచిన సిపాయికి “నీ బిడ్డకు ఈ నెల నెత్తురు సిద్ధముగ నున్నది” అని ఊరినుండి కబురు పోయినచో, దానికంటె గొప్ప సన్మానము ఏ సభయు చేయజాలదు.

కావున పెద్దలారా, ఇక మీద మీ యూరి సిపాయికి బదిలీ వచ్చెనని విన్నపుడు, “కుటుంబము ఎక్కడ నుండును?” అని అడుగుటకు ముందు “బిడ్డకు చికిత్స ఎక్కడ తెగకుండ సాగును?” అని అడుగుడు. ఆ ప్రశ్నకు జవాబు దొరికిన చోటనే యింటి పొయ్యి పెట్టింపుడు.