నోటీసు పంపే యంత్రానికి కౌలు రైతు తెలుసా?

పన్ను ఎగవేతను కృత్రిమ మేధతో పట్టుకుంటామంటే మనం వద్దనడం లేదు. దొంగ బిల్లులతో జీఎస్టీ క్రెడిట్ కాజేసేవాళ్లను పట్టాల్సిందే. పురుగుమందు డబ్బాపై 18 శాతం కట్టి, పైసా వెనక్కి తెచ్చుకోలేనివాళ్లం మనం.

మన పేచీ వేరు. ఏడాదిలో పొదుపు ఖాతాలో 10 లక్షల నగదు పడితే బ్యాంకు ఆదాయపు పన్ను శాఖకు చెబుతుంది. యంత్రం దాన్ని పాన్‌తో జతచేస్తుంది. అది మిర్చి అమ్మిన డబ్బని దానికేం తెలుసు? సాగు ఆదాయానికి పన్ను లేదు, సరే. రుజువేది? పాస్‌బుక్కు యజమానిది, కౌలు నోటిమాట. 2019 చట్టం కింద ఆంధ్రలో సాగుదారు కార్డు కావాలన్నా యజమాని సంతకం పెట్టాలి. ఎంతమంది పెడుతున్నారు?

నోటీసుకు ముందు మనిషి చూడాలని అడుగుతున్నాం. ఈలోగా తక్‌పట్టీలు పారేయకండి.