మధ్యవర్తి సంతకం, జూరీ తీర్పు

మన చుట్టుపక్కల ఏ ఊళ్లో అనుమానాస్పద మరణం జరిగినా పోలీసులు కనీసం ఇద్దరు పెద్దమనుషులను పిలుస్తారు. వాళ్లు శవాన్ని చూస్తారు. గాయం ఏ వైపు ఉందో, తాడు ముడి ఎలా పడిందో రాసిన కాగితం కింద సంతకం పెడతారు. దాన్నే మనం మధ్యవర్తుల నివేదిక అంటున్నాం. శవం దగ్గర మామూలు మనిషి కళ్లను నమ్మే చట్టం, నేరం రుజువైందా లేదా అని తేల్చేచోట మాత్రం అతని బుద్ధిని నమ్మడం మానేసింది. ఈ దేశంలో జూరీ, అంటే మామూలు మనుషులు కూర్చుని తీర్పు చెప్పే పద్ధతి, ఓడిపోయిందని చాలామంది అంటారు. దాన్ని అసలు నిలబడనిచ్చారా అని నేను అడుగుతున్నాను.

1665లో చెన్నపట్నం కోటలో, బానిసపిల్లను చంపిందన్న అభియోగంపై ఒక మహిళను విచారించినప్పుడే జూరీ దక్షిణాదికి వచ్చింది. రాయలసీమ ఎరిగిన బ్రిటిష్ అధికారి మన్రో సివిల్ తగాదాలను పంచాయతీలకు అప్పగించే ఏర్పాటును 1816 నాటి రెగ్యులేషన్లలోకి తెచ్చాడు. ఊరి మనుషుల మీద ఆ నమ్మకం క్రిమినల్ కోర్టుల్లో పూర్తిగా నిలబడలేదు. 1861 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ నుంచీ ఏ జిల్లాలో, ఏ నేరాలకు జూరీ ఉండాలన్నది ప్రభుత్వం ఇష్టంపై ఉండేది. మిగతాచోట్ల అసెసర్లు కూర్చునేవారు. వాళ్ల అభిప్రాయానికి జడ్జి కట్టుబడాల్సిన పని ఉండేది కాదు. 1898 కోడ్ చట్టం సంగతి జడ్జికి, వాస్తవం సంగతి జూరీకి వదిలింది. సాక్షి మాట నిజమా, కత్తి ఎవరి చేతిలో ఉంది అన్నవి తేల్చడం జూరీ బాధ్యతగా ఉండేది. ఆ తీర్పు నచ్చని సెషన్సు జడ్జి, న్యాయం కోసం అవసరమని గట్టిగా అనుకుంటే, 307వ సెక్షన్ కింద కేసును హైకోర్టుకు పంపేవాడు. పెద్దరికం ఇచ్చి పెత్తనం తమ దగ్గరే ఉంచుకోవడం ఇది.

ఊళ్లో కులముంది, డబ్బుంది, బంధుత్వముంది, జూరీ నిష్పక్షపాతంగా ఎలా ఉంటుందని అడుగుతారు. ఆ భయం నిజమైనదే, నేను తోసిపుచ్చను. కానీ అది జూరర్ల జాబితా ఎలా వేయాలి, ఎవరి మీద అభ్యంతరం చెప్పవచ్చు అన్నదానికి సంబంధించిన సమస్య. దానికి మందు కూడా అక్కడే వెతకాలి. అందరూ చెప్పే నానావతి కాల్పుల కేసునే తీసుకోండి. 1959 అక్టోబరులో బొంబాయి జూరీ 8-1తో నిర్దోషి అంది. జడ్జి హైకోర్టుకు నివేదించాడు, శిక్ష పడింది, 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. పత్రికలు జూరీని ఊపేశాయని అందరికీ గుర్తుంది. జడ్జి జూరీకి చేసిన బోధలోనే తప్పుదారి పట్టించే మాటలున్నాయని హైకోర్టు తేల్చిన సంగతి గుర్తుండదు. పైగా జూరీని తీసేయమని లా కమిషన్ 14వ నివేదిక చెప్పింది 1958లో, ఆ కాల్పులకు ముందే. 1973 కోడ్ ఆ పని పూర్తిచేసింది. పార్సీల వివాహ వివాదాల్లో మాత్రం 1936 చట్టం కింద ఆ సమాజ ప్రతినిధులు నేటికీ జడ్జి పక్కన కూర్చుంటారు. ఇక శవం దగ్గర సంతకం పెట్టిన మన మధ్యవర్తికి ఏళ్ల తర్వాత సమన్లు వస్తాయి. బోనెక్కి ఆ రోజు చూసింది చెబుతాడు, కాగితం చూసి సంతకం తనదేనంటాడు. ముద్దాయి దోషేనా అని అతన్ని ఎవరూ అడగరు.