గని పక్కన గోడ: హజారీబాగ్ సొహ్రాయ్ చిత్రాలు



పర్యావరణ మార్పుల మీద ఆదివాసీ కళాకారులు ఆరుబయట వేస్తున్న చిత్రాల గురించి మాట్లాడమన్నారు. నేను జార్ఖండ్‌లోని హజారీబాగ్ జిల్లా దాటి పోను. నా పరిశోధన అక్కడే. మొదట్లో నా ప్రతిపాదన చదివిన ఒక ప్రొఫెసర్ గారు అడిగారు: "ఈ గోడల మీద ఎద్దులున్నాయి, నెమళ్లున్నాయి, చెట్లున్నాయి. బొగ్గు గని ఏదీ? ఇది పర్యావరణం గురించిన కళ ఎట్లా అవుతుంది?" అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

ముందు ఆ గోడల సంగతి చెప్తాను. దామోదర్ నది ఎగువన కరణ్‌పురా లోయ ఉంది. అక్కడి మట్టి ఇళ్ల మీద ఆడవాళ్లు రెండు రకాల బొమ్మలు వేస్తారు. పెళ్లిళ్ల కాలంలో వేసేది ఖోవర్. గోడంతా మొదట నల్లమట్టి పూస్తారు, మాంగనీసు కలిసిన మన్ను అది. ఆరాక దాని మీద తెల్లమట్టి పూత. ఆ తెలుపు తడి ఆరకముందే దువ్వెన ముక్కతో గీకుతారు. గీకిన చోటల్లా కింది నలుపు బయటికొస్తుంది. చేతికి తొందర ఉండాలి, తడబాటు ఉండకూడదు. దీపావళి మర్నాడు వచ్చే సొహ్రాయ్ పశువుల పండగ. వానలు వెలిశాక గోడలు అలికి ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు మట్టి రంగులతో బొమ్మలు వేస్తారు. కుంచె అంటే కొస నమిలిన పుల్ల. మళ్లీ వానాకాలం వచ్చి వాటిని కడిగేస్తుంది, మళ్లీ వేస్తారు. మా వాడలో అమ్మమ్మ వాళ్లు గోడకు జాజు పూసి సున్నం బొట్లు పెట్టేవాళ్లు. దాన్ని ఎవరూ కళ అనలేదు, పని అన్నారు. అందుకేనేమో, ఆ గోడల ముందు నిలబడితే నాకు మొదట గుర్తొచ్చింది ఆడవాళ్ల నడుం నొప్పి.

ఆ రంగుల్లో ఏదీ కొట్లో కొన్నది కాదు. ఏ మన్ను ఏ వాగు గట్టున, ఏ పొలం అంచున దొరుకుతుందో వాళ్లకు తెలుసు. బర్కాగావ్ వైపు ఒక ఊళ్లో నేను చాచీ అని పిలిచే పెద్దావిడ ఉంది. ఒక ఏడు ఆవిడ గోడ మీద తెలుపు బాగా తక్కువగా కనిపించింది. ఎందుకు చాచీ అంటే మాట్లాడకుండా చెయ్యెత్తి చూపించింది. అటువైపు గని తవ్వి పోసిన మట్టి దిబ్బ ఉంది. తెల్లమట్టి గుంట దాని కింద పడింది. ప్రొఫెసర్ గారి ప్రశ్నకు జవాబు నాకు అక్కడ దొరికింది. గనిని బొమ్మలో వెతుకుతున్నాం, అది రంగులో ఉంది.

ఆ లోయ కింద బొగ్గుంది. పక్రీ బర్వాడీహ్ పేరుతో ఎన్టీపీసీ అక్కడ గని నడుపుతోంది. ఆ పేరున్న ఊళ్లోనే ప్రాచీన నిలువు రాళ్లున్నాయి. కాస్త దూరంలో ఇస్కో రాతిగుహ ఉంది. అక్కడి ప్రాచీన చిత్రాలను 1991లో బులూ ఇమామ్ వెలుగులోకి తెచ్చారు. 2016 అక్టోబర్ 1న బర్కాగావ్ ప్రాంతంలోని చిరూడీహ్‌లో, భూసేకరణను వ్యతిరేకిస్తున్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. నలుగురు చనిపోయారు.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి చెప్పాలి. హజారీబాగ్ ఐదో షెడ్యూల్ ప్రాంతం కాదు, కాబట్టి అక్కడ పెసా వర్తించదు. బొగ్గున్న భూముల సేకరణకు 1957 నాటి ప్రత్యేక చట్టం ఉంది. అందులో గ్రామసభ సమ్మతి అన్న మాటే లేదు.

ప్రభుత్వానికి మాత్రం ఆ బొమ్మలంటే ఇష్టమే. హజారీబాగ్ రైల్వే స్టేషన్ గోడల మీద సొహ్రాయ్ ఉంది. 2020లో సొహ్రాయ్-ఖోవర్‌కు భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. 2024లో కజాన్ బ్రిక్స్ సమావేశానికి వెళ్లిన ప్రధాని పుతిన్‌కు సొహ్రాయ్ చిత్రం బహూకరించారు. బొమ్మ రష్యా దాకా వెళ్లింది. గోడ ఉన్న ఊరేమో గని హద్దు పటంలో ఉంది.

ఈ ప్రచారమంతటిలో వాడే మాట "గిరిజన కళ". ఆ మాట దగ్గర మనం కొంచెం ఆగాలి. ఈ బొమ్మలు వేసేవాళ్లలో ముండా, ఉరావ్, సంతాల్ ఆడవాళ్లున్నారు. ఎస్సీలైన భుయ్యాలున్నారు. బీసీలైన ప్రజాపతులు, ఎస్టీ హోదా కోసం పోరాడుతున్న కుర్మీలు ఉన్నారు. గంఝూలను 2022 చట్ట సవరణతో ఎస్టీ జాబితాలో చేర్చారు. జాబితాలు వేరు, గోడ మీద పనిచేసే చేతుల వరస ఒకటే. "గిరిజన" అని ఒక్క మాటతో తేల్చేస్తే బహుజన స్త్రీల ఉమ్మడి శ్రమ అన్న విషయం మాయమైపోతుంది. దాన్ని అడవితో పుట్టిన అమాయకత్వంగా అమ్ముకోవడం తేలికవుతుంది.

మరో వైపు నుంచి వచ్చే పొగడ్త కూడా నాకు భయమే. నగరాల నుంచి వచ్చే కళాభిమానులు సిమెంటు ఇళ్లు చూసి నిట్టూరుస్తారు. సిమెంటు మీద ఆ మట్టి నిలవదు, నిజమే. అయితే 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో పల్లెను కీర్తించేవాళ్లను బాబాసాహెబ్ కడిగేసిన మాటలు చదివినవాళ్లం మనం. చాచీకి పక్కా ఇల్లు కావాలి. వానకు ఇల్లు కారకూడదు, పాము దూరకూడదు అంటుంది. నా థీసిస్ కోసం ఆవిడ మట్టింట్లో ఉండాలని నేను కోరలేను. కానీ పక్కా ఇల్లు తన పొలం పక్కన తాను కట్టుకోవడం వేరు, ఊరు ఖాళీ చేయించి పునరావాస కాలనీలో ఒక నంబరు ఇవ్వడం వేరు. మొదటి దాంట్లో ఒక మట్టి గోడ ఉంచుకోవాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం. రెండో దాంట్లో ఆ ఇష్టానికి చోటే లేదు, మన్ను తెచ్చుకునే గుంట కూడా ఉండదు.

ఇప్పుడు చాచీ, నేను కలిసి ఆ మట్టి గుంటల పటం ఒకటి గీస్తున్నాం. ఏ గుంటలో ఏ రంగు, ఎవరి పొలం, ఏ నెలలో తవ్వుతారు, ఇవన్నీ. దిబ్బ కిందికి పోయినవాటిని వదిలేద్దామా అని అడిగాను. వాటినే ముందు పెట్టమంది.