ఆన్‌లైన్ ఆటల వ్యసనం - బాధ్యత ఎవరిది?

ఆడుకోవటం పిల్లలకు పుట్టుకతో వచ్చిన హక్కు. గుజ్జనగూళ్ళు, దాగుడుమూతలు, బిళ్ళంగోడు, చెడుగుడు, వామనగుంటలు - ఈ ఆటలతోనే మన ఊళ్ళలో తరతరాలవారు పెరిగి పెద్దవారైనారు. ఆ ఆటలలోను పంతాలు ఉండేవి, అలకలు ఉండేవి, అన్నంవేళకు ఇల్లు చేరని పిల్లలూ ఉండేవారు. అయితే ఆ ఆటలన్నిటికీ సామాన్యమైన గుణం ఒకటి ఉన్నది. అవి తమంతట తామే ముగిసేవి. పొద్దు గుంకితే బిళ్ళ కనబడదు. జతగాణ్ణి తల్లి పిలిస్తే ఆట ఆగిపోతుంది. కాళ్ళు నొప్పిపెడితే చెడుగుడు చాలించక తప్పదు.

నేడు ఫోను తెరమీద ఆడే ఆన్‌లైన్ ఆటకు పొద్దు గుంకటమనేది లేదు. ఇక్కడి జతగాడు నిద్రపోతే మరొక దేశంలో మరొకడు మేలుకొని ఉంటాడు. ఒక ఘట్టం గెలిస్తే ఇంకొక ఘట్టం సిద్ధంగా ఉంటుంది. అలసేది వేళ్ళూ కళ్ళూ మాత్రమే. ఈ భేదాన్ని గమనించకుండా, "మేమూ చిన్నప్పుడు ఆడాము, ఇంత వెర్రి ఎరుగము" అని పిల్లలను నిందించటం న్యాయం కాదు.

అసలు వ్యసనమంటే ఏమిటి? ఆడిన ప్రతి బాలుడూ వ్యసనపరుడు కాడు. సెలవునాడు రెండు గంటలు ఆడి, పిలిస్తే లేచివచ్చే బిడ్డను చూచి బెంగపడనక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల అంతర్జాతీయ వర్గీకరణలో ఈ రుగ్మతకు స్థానం కల్పించింది. 2019లో సభ్యదేశాలు ఆమోదించిన ఆ వర్గీకరణ 2022 జనవరి 1వ తేదీనుంచి అమలులోకి వచ్చింది. అందులో మూడు లక్షణాలు చెప్పబడినవి. ఆట మీద అదుపు తప్పటం మొదటిది. చదువు, స్నేహం, నిద్ర, భోజనం అన్నిటికంటె ఆటే ముఖ్యం కావటం రెండవది. నష్టం కళ్ళెదుట కనబడుతున్నా మానలేకపోవటం మూడవది. సాధారణంగా పన్నెండు నెలలపాటు ఈ స్థితి కొనసాగితేనే దానిని రుగ్మతగా నిర్ణయిస్తారు. ఆడేవారిలో ఈ స్థితికి వచ్చేవారు కొద్దిమందే. కాని ఆ కొద్దిమందిలో మన బిడ్డ ఉన్న ఇంట్లో ఆ మాట ఎవరికీ ఊరట కాదు.

అటువంటి ఇంట్లో మొదట వినబడే ప్రశ్న - తప్పెవరిది? తండ్రి కొడుకును అంటాడు. అత్తగారు కోడలిని అంటుంది. తల్లి బడిని అంటుంది. బడివారు పెంపకాన్ని అంటారు. ఆటను తయారుచేసినవారి ఊసు మాత్రం ఎవరికీ తట్టదు. వారు ఎక్కడో ఉన్నారు గదా!

భారతకథలోని ద్యూతసభను ఒకమారు తలచుకుందాము. అక్కడ పందెం ఒడ్డినవాడు ధర్మరాజు. పాచికల మర్మం తెలిసినవాడు శకుని. లాభం పొందినవాడు దుర్యోధనుడు. ఆపగల అధికారం ఉండి ఊరకున్నవాడు ధృతరాష్ట్రుడు. ధర్మరాజు వ్యసనాన్ని ఎవరూ మెచ్చుకోలేదు. అయినా దోషమంతా అతని ఒక్కనిదే అని లోకం తీర్పు చెప్పలేదు. ఎవరికి ఎంత తెలుసు, ఎవరి చేతిలో ఎంత అధికారం ఉన్నది, ఎవరికి ఎంత లాభం వచ్చింది - వీటిని బట్టి దోషాన్ని పంచిపెట్టింది. పైగా ధర్మరాజు పెద్దవాడు, శాస్త్రాలు చదివినవాడు. నేటి సభలో పాచికల ముందు కూర్చున్నవాడు పన్నెండేళ్ళ బాలుడు.

పాచికల మర్మం ఎరిగినవారి సంగతి ముందు చూద్దాము. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి. ఎఫ్. స్కిన్నర్ పావురాలతో చేసిన ప్రయోగాలు ప్రసిద్ధమైనవి. ముక్కుతో బిళ్ళను పొడిచిన ప్రతిసారీ గింజ దొరికితే, గింజలు రావటం మానగానే పావురం కూడ పొడవటం త్వరగా మానుకుంటుంది. ఎన్నిమార్లు పొడిస్తే దొరుకుతుందో తెలియకుండా అప్పుడప్పుడు మాత్రమే గింజ రాలితే, విసుగూ విరామమూ లేకుండ పొడుస్తూనే ఉంటుంది. అనేకమైన ఆన్‌లైన్ ఆటలలో డబ్బిచ్చి తెరిచే "అదృష్టపు పెట్టె"లో ఉన్నది ఈ సూత్రమే. ఏ వస్తువు వస్తుందో తెలియదు. ఈసారి కాకపోతే మరుసారి వస్తుందని ఆశ. ఒకరోజు రాకపోతే అంతవరకు కూడబెట్టుకొన్న బహుమతుల వరుస తెగిపోతుందని భయం. మధ్యలో లేస్తే జట్టువారు ఓడిపోతారని మొగమాటం. ఆశ, భయం, మొగమాటం - ఈ మూడింటినీ తెలిసి అల్లిన వలలో పడ్డ బాలుణ్ణి "నీకు మనోనిగ్రహం లేదు" అనటం సులభం. వల వేసినవారిని ఏమనాలి?

ఈ ప్రశ్నను కొన్ని దేశాలు చట్టసభల వరకు తీసుకువెళ్ళాయి. దక్షిణ కొరియా 2011లో ఒక చట్టాన్ని అమలులో పెట్టింది. పదహారేళ్ళ లోపువారు అర్ధరాత్రి మొదలు ఉదయం ఆరు గంటలవరకు ఆన్‌లైన్ ఆటలు ఆడరాదని దాని సారాంశం. అర్ధరాత్రి కొట్టగానే వేడుక ముగుస్తుంది కనుక జనం దానికి సిండ్రెల్లా చట్టమని పేరు పెట్టారు. అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2014లో దానిని సమర్థించింది కూడ. కాని జరిగినదేమిటి? పిల్లలు పెద్దల గుర్తింపు సంఖ్యలతో ఆటలో ప్రవేశించారు. కంప్యూటరు మీది ఆట క్రమంగా చేతి ఫోనులోకి వచ్చింది. ఫోను ఆటలకు ఆ చట్టం వర్తించలేదు. తుదకు 2022 జనవరి 1నుంచి ఆ నిషేధం తొలగిపోయింది. వేళల నిర్ణయం తల్లిదండ్రులకూ పిల్లలకూ వదిలివేయబడింది. చైనా 2021లో మరింత కఠినమైన మార్గం పట్టింది. పద్ధెనిమిదేళ్ళ లోపువారికి శుక్ర, శని, ఆదివారాలలోను, సెలవు దినాలలోను రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదివరకు మాత్రమే ఆన్‌లైన్ ఆట అని శాసించి, దానిని అమలుజరిపే భారం కంపెనీల మీద పెట్టింది.

ఇవి వేళను అదుపుచేసే చట్టాలు. వలను పరిశీలించిన ప్రభుత్వాలూ ఉన్నాయి. జపాను 2012లో అదృష్టపు పెట్టెలలో ఒక రకాన్ని చట్టవిరుద్ధమన్నది. బెల్జియం 2018లో కొన్ని ఆటలలోని అటువంటి పెట్టెలను జూదంగా పరిగణించింది. ఫోర్ట్‌నైట్ అనే ఆటను తయారుచేసిన ఎపిక్ గేమ్స్ సంస్థ పిల్లల వివరాలను నియమవిరుద్ధంగా సేకరించిందనీ, ఆడేవారిచేత వారు కోరని కొనుగోళ్ళు చేయించిందనీ అమెరికాలో అభియోగం వచ్చింది. 2022 డిసెంబరులో ఆ సంస్థ 52 కోట్ల డాలర్లు చెల్లించటానికి అంగీకరించింది.

మన సంగతి చూస్తే, డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అటువంటి చట్టాన్ని ఆమోదించింది. అందులో గమనింపదగిన విశేషం ఒకటి ఉన్నది. ఆ చట్టం శిక్ష నిర్ణయించింది ఆడినవారికి కాదు. ఆటను నడిపినవారికి, ప్రకటనలు చేసినవారికి, డబ్బు చేరవేసినవారికి. బాధ్యత లాభం వెంట నడవాలన్న ధర్మాన్ని ఇది అంగీకరించినట్లయింది. అయితే పందెం లేని ఆటలు దీని నిషేధంలోకి రావు. వాటిలో ప్రవేశం ఉచితం. ధర మాత్రం ఉన్నది. దానిని బాలుడు తన నిద్రతో, చదువుతో, కాలంతో చెల్లిస్తాడు. ఈ ఆటల నిర్మాణంలోని వలలను కూడ పరిశీలించటం ప్రభుత్వం తీర్చవలసిన బాకీ.

మరి ఇంటి పెద్దలకు బాధ్యత లేదా? ఉన్నది. 2020లో కరోనా కారణంగా బడులు మూతపడినప్పుడు పాఠాల కోసం ఫోనును పిల్లల చేతికి ఇచ్చినది మనమే. పాఠాలు మరల తరగతి గదికి పోయినవి. ఫోను చాలా ఇళ్ళలో పిల్లల చేతిలోనే నిలిచిపోయింది. భోజనం దగ్గర తండ్రి ఫోను చూస్తూ, కొడుకును ఫోను చూడవద్దంటే ఆ మాటకు విలువ ఉండదు. నియమం ఇంటిల్లిపాదికీ ఒక్కటిగా ఉండాలి. రాత్రివేళ ఫోనులు పిల్లల పడకగదిలో కాక నడవాలో ఉండాలి. డబ్బు చెల్లించే రహస్యసంఖ్య పిల్లలకు తెలియరాదు. ఆట నడుమ ఫోను లాగుకొనటం కంటె, "ఈ ఒక్క ఆట ముగియగానే లేవాలి" అని ముందుగా ఒప్పందం చేసుకొనటం మేలు. జట్టు ముందు మాట పోలేదన్న తృప్తితో లేచే బిడ్డ ఆ ఒప్పందాన్ని నిలుపుకొనగలడు.

ఇంకొక సంగతి. పిల్లవాడు దేనిలోనికి పోతున్నాడని అడిగేముందు, దేనినుంచి పారిపోతున్నాడని అడగటం అవసరం. ఉదయంనుంచి రాత్రివరకు మార్కులు, ర్యాంకులు తప్ప వేరు మాట వినని బాలుడికి, మెచ్చుకోలు దొరికే చోటు ఆ తెర ఒక్కటే కావచ్చు. ఆటస్థలం లేని బడిలో చేర్పించి, వీధిలో ఆడితే మందలించి, తెరమీద కూడ ఆడవద్దంటే అతడు ఎక్కడ ఆడాలి?

అదుపు నిజంగా తప్పినప్పుడు కొట్టటం, తిట్టటం చికిత్స కావు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2014లోనే ఇటువంటివారికోసం ప్రత్యేక చికిత్సాలయాన్ని ప్రారంభించింది. 2022లో ప్రారంభమైన కేంద్రప్రభుత్వ టెలీమానస్ సేవకు 14416 అనే సంఖ్యకు ఫోను చేస్తే, పైకం లేకుండ, తెలుగులోనే సలహా పొందవచ్చు. అడగటంలో అవమానమేమీ లేదు.

బాధ్యత అందరిదీ అని చెప్పి ఊరకుంటే, అది ఎవరిదీ కాకుండ పోతుంది. మర్మం తెలిసి లాభం పొందేవారిది పెద్ద వాటా. శాసించగలవారిది తరువాతి వాటా. ఇంటిలో, బడిలో ఉన్న పెద్దలది ఆ తరువాతిది. అందరికంటె చిన్నది బాలుడిది. అది చిన్నదే అయినా అతనికి ఉండనివ్వాలి. ఎందుకంటే ఆట చాలించి లేవవలసినవాడు అతడే. అతడు లేచి వచ్చినప్పుడు పలకరించటానికి ఇంట్లో ఎవరో ఒకరు తీరికగా ఉండటం మన వంతు.